ఏడో చోటి చప్పుడు

అది మొదలైంది ఒక గురువారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు. బడి గంటగా వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద రెండో దెబ్బ పడగానే సారు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. తేదీ, సంవత్సరం నా నోటుపుస్తకంలో ఉన్నాయి. ఇక్కడ రాయడం లేదు. పేర్లు కూడా రాయడం లేదు. దానికి కారణం ఉంది, చెబుతాను.

మొన్న గురువారం, సరిగ్గా అదే సమయానికి, మార్కాపురంలో మా ఇంటి ఎదురు మేడ మీద కొత్తగా పెట్టిన స్పోకెన్ ఇంగ్లీషు తరగతిలో పిల్లలు ఒక్క గొంతుతో పలకడం వినిపించింది. టేక్ ఇట్ అప్. టర్న్ ఇట్ ఓవర్. పుట్ ఇట్ డౌన్. పాస్ ఇట్ ఆన్ టు హర్. పొయ్యి మీద ఉలవలు ఉడుకుతున్నాయి, నేను గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ చివరి మాట దగ్గర నా తల దానంతటదే కుడివైపు తిరిగింది. కుడివైపు గోడ తప్ప ఏమీ లేదు. నా చూపు ఆ గోడ మీద, నేల మీద కూర్చున్న పదకొండేళ్ల పిల్ల ముఖం ఉండే ఎత్తుకి దిగి, అక్కడ ఆగింది. ఉలవలు అడుగంటిన వాసన వచ్చేదాకా ఆగే ఉంది. అప్పటికీ ఇప్పటికీ మధ్య అరవై ఒక్క సంవత్సరాలు.

అప్పట్లో మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలో ఉండేది. మాది పలకల ఊరు. ఏ వీధిలో నిలబడినా రాతిని విప్పే ఉలి చప్పుడు వినపడేది. పనికిరాని పలకరాయి ముక్కలు పేర్చి గోడలు కట్టుకునేవాళ్లు. తొలి వానకి ఆ గోడల నుంచి ఒక వాసన లేచేది, తడి బలపాన్ని నాలుక మీద పెట్టుకున్నట్టు. పలకల షెడ్లలో పనిచేసే ఆడవాళ్లకి సాయంత్రానికి కనుబొమలు నెరిసిపోయేవి. స్నానం చేస్తే మళ్లీ నల్లబడేవి. మేము పలకలకి బొగ్గూ గుంటగలగరాకూ కలిపి రుద్ది, ఎండబెట్టి, మా అంత నల్లటి పలక ఎవరికీ లేదని పోట్లాడుకునేవాళ్లం.

ఆరో తరగతి ఆడపిల్లలం పదకొండు మందిమి. ఇంగ్లీషు మొదలయ్యేది ఆ ఏడే. కానీ వాచకాలు రాలేదు. దసరా దాకా రావని కబురు వచ్చింది.

మా సారు దర్గా వీధిలో ఉండేవారు. పెద్దాయన. పక్కనుంచి పోతే లవంగం వాసన, దాని కింద సన్నగా అత్తరు వాసన. ఆయన ఆ రోజు మమ్మల్ని నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి, "పుస్తకం లేకుంటే ఏమాయె. ఒక పలక ఉంటే చాలు. ఎవురి దగ్గర మంచిది ఉంది?" అన్నారు.

మా పలకలన్నీ మూలలు పోయినవే. అప్పుడు ఏడో చోట కూర్చున్న అమ్మాయి లేచి కిటికీ దగ్గరికి పోయి, "మ్మా" అని పిలిచింది. మా బడి గోడకి అవతలే పలకల షెడ్డు. వాళ్లమ్మ అక్కడ పలకలు ఏరే పని చేసేది. ప్రతి పలకనూ ఎడమ చేతి మీద నిలబెట్టి, కుడి చేతి వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి వినాలి. మోగితే మంచిది. మోగకుండా బద్దగా పలికితే లోపల చీలిక ఉన్నట్టు. కంటికి కనపడని చీలికను ఆమె చెవితో పట్టుకునేది. ఆమె ముందు చట్రాలు బిగించే మగవాళ్లు నోరు మూసుకుని కూర్చునేవాళ్లు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఒక పలక తెచ్చింది. చట్రం లేదు. పల్చగా, అద్దంలా ఉంది.

"చట్రం ఏదమ్మా?" అన్నారు సారు.

"చట్రం బిగిస్తే చప్పుడు తెలియదు సార్." ఆమె కణుపుతో కొట్టింది. గది నాలుగు మూలలకీ వెళ్లి వచ్చినట్టు మోగింది. "రాయిని పొర పొరగా విప్పుకుంటా పోతాం గదా. ఆఖరికి ఇంక విచ్చనంటది. అదీ ఇది. దీంట్లో ఇంక పొర లేదు. కింద పడేస్తే పగలాల గాని, విచ్చుకోదు."

ఈ మాట గుర్తుంచుకోమని కోరుతున్నాను.

సారు పాఠం ఇలా ఉండేది. ఆయన మధ్యలో ముక్కాలిపీట మీద కూర్చుని కళ్లు మూసుకునేవారు. మొదటి అమ్మాయి పలకను ఎత్తాలి, తిప్పాలి, తడిగుడ్డతో తుడవాలి, కింద పెట్టాలి, కుడి పక్క అమ్మాయికి జరపాలి. ప్రతి పనికీ ఒక వాక్యం. ఆ అమ్మాయి పలక అందుకోగానే ఎడమవైపు తిరిగి, ఎవరిచ్చారో ఆ మనిషిని చూసి, ఐ గాట్ ఇట్ ఫ్రమ్ హర్ అనాలి. అలా పదకొండు చేతులు.

"క్రియ ఎద్దు లాంటిది," అనేవారు. "దాని పక్కన ఉండే చిన్న మాట ముకుతాడు. పుట్ అనే ఎద్దు ఒకటే. డౌన్ అంటే కింద పెడతది, ఆన్ అంటే తొడుక్కుంటది, ఆఫ్ అంటే రేపటికి తోసేస్తది. ఎద్దును చూసి మోసపోవద్దు. ముకుతాడు ఎటుందో చూసుకోండి."

రెండో నియమం పేర్ల గురించి. "ఇంట్లో మీయమ్మ 'దానికియ్యే' అంటే ఎవరికో మీకు తెలియదా? చూపు చెప్తది. ఇంగ్లీషులో కూడా అంతే. ఇట్, హిమ్, హర్. ఈ అరగంట ఎవురికీ పేరు లేదు. హర్ అన్నప్పుడు ఆ మనిషి ముఖంలో చూడాల. చూడకుండా అంటే ఆ మాట ఉత్తదైపోతది."

అందుకే ఇక్కడ పేర్లు రాయలేదు. ఆ అరగంటలో మాకు లేవు. నేను ఆరో చోటు. నా కుడి పక్కన ఏడో చోటు.

ఏడో అమ్మాయి మొదటిరోజే ఒక పని చేసింది. నా దగ్గర పలక అందుకుని, ఎడమ చేతి మీద నిలబెట్టి, కణుపుతో ఒక్కసారి కొట్టింది. మోగింది. సారు కళ్లు తెరిచారు.

"అదేంది?"

"పలక చేతికొస్తే కొట్టి చూడాల సార్. మా ఇంట్లో కొట్టకుండా తీసుకుంటే మా అమ్మ చేతి మీద వేస్తది."

సారు, "నాక్ ఆన్ ఇట్," అన్నారు. "ఇది కూడా కలపండి. ప్రతి ఒక్కరూ." ఆ పిల్ల చేసిన పనికి ఆయన అప్పటికప్పుడు వాక్యం కట్టి మా అందరికీ ఇచ్చారు. అప్పటినుంచి రోజూ మూడుంబావుకి మా గదిలోంచి పదకొండు చప్పుళ్లు వెళ్లేవి. గోడ అవతల వాళ్లమ్మ వినేది. ఏ చప్పుడు తన కూతురిదో తనకి తెలుసనీ, పదకొండిట్లో అదే మెత్తనిదనీ షెడ్డులో చెప్పుకునేదట.

ఆ నెలల్లో మేము చేసిన అల్లరికి లెక్క లేదు. నేను ఇంట్లో మేకకి గెట్ అప్, సిట్ డౌన్ నేర్పబోయాను. మా అవ్వ వసారాలో చెనక్కాయలు ఒలుస్తూ చూసి, "ఏందే, మేకతో దొరల మాటలు? అది నీ కంటే ముందు పాసయితే పెండ్లి దానికే చేస్తా," అంది. ఏడో అమ్మాయి మా గోడ పక్కింటిదే. పొద్దున్నే సద్ద రొట్టె మీద వెన్న పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, పాస్ ఇట్ ఆన్ టు హర్ అని తన రొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టేది. ఇచ్చేటప్పుడు సారు చెప్పినట్టే ముఖంలోకి చూసేది, నవ్వకుండా. ఆ చూపుకి నాకే నవ్వొచ్చేది.

దసరా సెలవుల్లో ఆ పిల్లకి జ్వరం వచ్చింది. మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున పక్కింటి నుంచి ఏడుపు వినపడింది. మా అవ్వ నన్ను లోపలి గదిలో పెట్టి గొళ్లెం వేసింది. తలుపు సందులోంచి నాకు కాళ్లు మాత్రమే కనపడ్డాయి, పోతూ వస్తూ.

బడి సోమవారం తెరిచారు. మేము పది మందిమి గుండ్రంగా కూర్చున్నాం. ఎనిమిదో అమ్మాయి మెల్లగా నా వైపు జరగబోయింది.

"జరగొద్దు," అన్నారు సారు. "వాక్యంలో ఒక మాట చెరిగిపోతే మిగతా మాటల్ని జరిపి రాస్తామా? ఖాళీ వదుల్తాం. ఏడాది చివరి దాకా ఆ చోటు అట్లే ఉంటది."

ఆయన మంచికే అన్నారని ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం నాకు భయమేసింది. ఎందుకంటే పలకను ఆ చోట పెట్టాల్సింది నేను. పాస్ ఇట్ ఆన్ టు హర్ అనాల్సింది నేను. అనేటప్పుడు ముఖంలోకి చూడాలి. ఏ ముఖంలోకి? మొదటిరోజు నేల చూశాను. "పైకి చూడాల," అన్నారు సారు, కళ్లు మూసుకునే. ఆయనకెలా తెలిసిందో తెలియదు. చూపు పైకెత్తి, ఆ పిల్ల ముక్కుపుల్ల ఉండే ఎత్తు అనుకున్న చోట ఆపాను. వెనక గోడ మీద సున్నం ఊడిన మచ్చ ఒకటి ఉంది. మర్నాటి నుంచి ఆ మచ్చను గుర్తు పెట్టుకుని చూసేదాన్ని. మూడో రోజుకి మచ్చను వెతకాల్సిన అవసరం రాలేదు. చూపు దానంతటదే వెళ్లి ఆగేది.

ఎనిమిదో అమ్మాయి పలకను ఖాళీ చోటు నుంచి ఎత్తుకోవాలి. ఎడమవైపు తిరిగి, ఐ గాట్ ఇట్ ఫ్రమ్ హర్ అనాలి. ఆ అమ్మాయి బయటికొచ్చాక నాతో అంది: "నా ఎడమ భుజానికి చలేస్తాందే. ఆ పక్క మాత్రమే."

చప్పుళ్లు పదే వచ్చేవి. ఐదు, ఆరు, తర్వాత గొయ్యిలో కాలు పడినట్టు ఒక ఖాళీ, ఆపైన మిగిలిన నాలుగు. నేను లెక్క తప్పితే తట్టుకోలేని పిల్లను. పదకొండు రావాల్సిన చోట పది వస్తుంటే రాత్రి పడుకున్నాక కూడా ఆ ఖాళీ చెవిలో మోగేది. దానికి తోడు కిటికీ. నాకెదురుగా ఉన్న కిటికీకి అవతల వాళ్లమ్మ వచ్చి నిలబడేది, సరిగ్గా మూడుంబావుకి. మనిషి సగమే కనపడేది. చువ్వ మీద చెయ్యి. ఆ ఖాళీ వచ్చినప్పుడు ఆ చెయ్యి బిగుసుకునేది.

ఐదో రోజు శుక్రవారం. పలకను ఏడో చోట పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంటూ, పావడా అంచు చాటున, కణుపుతో ఒక్కసారి కొట్టాను. మోగింది.

ఎవరూ కదల్లేదు. సారు కళ్లు తెరిచి ఖాళీ చోటు వైపు చూశారు. మళ్లీ మూసుకుని, "గో ఆన్," అన్నారు. చువ్వ మీది చెయ్యి వదులైంది.

ఆ రోజు పదకొండు వచ్చాయి. ఆ రాత్రి నేను బాగా నిద్రపోయాను. దయతో కొట్టానని చెప్పుకోను. లెక్క సరిపోవాలని కొట్టాను.

సోమవారం కిటికీ గూట్లో ఒక సీతాఫలం ఉంది. అడవి వైపు నుంచి బుట్టలతో వచ్చేవాళ్ల దగ్గర ఆమె అంతకు ముందు కూతురికి కొనిపెట్టేది. మిగతా పిల్లలు దాని దగ్గరికి పోలేదు. నేను తిన్నాను. పండు బాగా పండింది, చేతిలో విచ్చుకుంది. గింజలు లెక్కపెట్టాను, నలభై ఆరు. తల ఎత్తేసరికి ఆమె చువ్వల వెనక నిలబడి నన్నే చూస్తోంది. అంతవరకు గుక్కెడు గంజి కూడా పట్టని మనిషి ఆ వారం నుంచి అన్నం తింటోందని మా అవ్వ చెప్పింది.

అప్పుడిక ఆపడం నా చేతిలో లేకపోయింది. రోజూ ఒకటి. నోటుపుస్తకం చివరి పేజీలో రోజుకొక గీత. దీపావళికి ఒకరోజు, కార్తీక పున్నానికి ఒకరోజు బడి లేదు. మిగతా అన్ని రోజులూ కొట్టాను. పిల్లలు నన్ను ఏమీ అడిగేవాళ్లు కాదు. నేనే కొడుతున్నానని కొందరికి తెలుసు, కొందరు తెలుసుకోవాలనుకోలేదు.

ఒక మంగళవారం సాయంత్రం ఏడో అమ్మాయి వాళ్ల నాయన మా వసారాలో కూర్చున్నాడు. పలకలు కోసే పని చేసేవాడు. చేతులు ఎప్పుడూ బూడిద రంగు. మా అవ్వ బొరుగులు పెట్టింది, ముట్టుకోలేదు.

"గిద్దలూరులో మా అన్న కట్టెల డిపోలో పని చూసినాడు పెద్దమ్మా. శుక్రవారం పొద్దున బండికి రమ్మన్నాడు. ఈ దుమ్ములో ఉండలేను. బిడ్డ తిరిగిన వీధుల్లో తిరగలేను. ఆమె రానంటాంది."

"ఎందుకంట?"

"బడిలో నా బిడ్డ వంతు నడస్తాంది, నేను యాడికి వచ్చేది అంటది. రోజూ చప్పుడు వింటాందంట. నేను పోయేది ఖాయం పెద్దమ్మా. ఆమె ఈడ్నే ఉంటే ఒక్కతే ఉంటది. మొన్న దగ్గితే కొంగులో ఎర్రగా పడింది. దాచుకుంది గాని నేను చూసినా."

"పిల్లోళ్లు ఎవురో కొడతాంటారు లేరా."

"అదే చెప్పినా. నవ్వింది. నవ్వితే నాకు భయమేసింది."

నేను గడప లోపల కూర్చుని వింటున్నాను. చెనక్కాయ పొట్టు చేతిలో నలిగిపోయింది. అవ్వ నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడంలోనే ఆమెకంతా తెలుసని నాకు అర్థమైంది. రాత్రి పక్క మీద, నా తల నిమురుతూ, "ఆపేయి నాయనా," అని మాత్రం అంది.

బుధవారం ఆపలేకపోయాను. కొట్టాను. అది ముప్పై తొమ్మిదో గీత. ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ పిల్ల రెండోసారి పోతుంది, ఈసారి నా చేతుల మీదుగా. ఆపకపోతే ఆమె తల్లి దుమ్ములో ఒంటరిగా మిగిలిపోతుంది, నెత్తురు దగ్గుకుంటూ.

గురువారం. ఉదయం నుంచి మబ్బు. మూడు పదికి సారు చెప్పులు విడిచారు. మూడుంబావుకి చువ్వ మీద చెయ్యి కనపడింది. పలక మొదటి అమ్మాయి దగ్గర బయలుదేరింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. నా చేతికి వచ్చింది. నేను కొట్టాను, ఆరు. తిప్పాను. తుడిచాను. ఏడో చోట పెట్టాను. ముఖం ఉండే ఎత్తుకి చూసి, పాస్ ఇట్ ఆన్ టు హర్ అన్నాను. రెండు చేతులూ వెనక్కి తీసి ఒడిలో పెట్టుకుని, వేళ్లు ఒకదాంట్లో ఒకటి బిగించాను.

ఖాళీ వచ్చింది. ఎనిమిదో అమ్మాయి చెయ్యి చాచింది, పలకకి ఇంకా జానెడు దూరంలో ఉంది.

అప్పుడు పలక మోగింది.

మెత్తగా మోగింది. పదకొండిట్లో ఒక్కటి మాత్రమే ఉండే మెత్తదనం. నేను చేతుల వైపు చూసుకున్నాను. ఒడిలోనే ఉన్నాయి, బిగించిన చోట గోళ్లు తెల్లబడి ఉన్నాయి. ఎనిమిదో అమ్మాయి చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉంది. సారు కళ్లు తెరిచి ఉన్నారు. ఆయన ముఖంలో నేను అంతకు ముందు, ఆ తర్వాత చూడనిది ఒకటి ఉంది.

చువ్వ మీద చెయ్యి లేదు. మేము చూస్తుండగానే ఆమె గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. కాళ్లకు దుమ్ము, కనుబొమలకు దుమ్ము. నేరుగా వచ్చి నా ముందు గొంతు కూర్చుంది.

"ఇన్నాళ్లూ కొట్టింది నువ్వే," అంది.

నేను తల ఊపాను.

"మొదటి రోజే తెలుసు అమ్మీ. నీ కణుపు గట్టిది. దానిది మెత్తన. పలకలు ఏరేదాన్ని, నాకు తెలియకుండా ఉంటదా?"

"మరి ఎందుకు వచ్చేదానివత్తా రోజూ?"

"నువ్వు కొడతాంటే నేను ఎట్ల పోయేది? నేను విననైపోతే నువ్వు ఎవురి కోసం కొడతావు? నువ్వు ఆపినాంక పోదామని ఉంటి." నా ఒడిలోని చేతుల్ని పట్టుకుని విడదీసింది. ఆమె అరచేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. "ఈ పూట నువ్వు కొట్టలే. కిటికీలో నుంచి చూస్తి."

"కొట్టలే అత్తా."

ఆమె ఏడో చోటి నుంచి పలక ఎత్తి, ఎడమ చేతి మీద నిలబెట్టి, కణుపుతో కొట్టింది. పలక బద్దగా పలికింది. చెక్కను కొట్టినట్టు.

సారు గట్టిగా ఊపిరి వదిలారు. "చీలిక పడింది. మబ్బు పట్టింది, చలి. రాయి దానంతటదే చీలింది. ఆ చప్పుడే మనం విన్నది." మాతో చెబుతున్నారో తనతో చెప్పుకుంటున్నారో తెలియలేదు.

"విచ్చేటప్పుడు రాయి అట్ల మోగదు సార్..." అని ఆమె మా పది ముఖాలూ చూసి ఆగింది. "అంతే అయి ఉంటది సార్," అంది.

తర్వాత బొటనవేలి గోరు పలక అంచున పెట్టి లోపలికి నెట్టింది. పొంగిన రొట్టె రెండు పొరలుగా ఊడినట్టు పలక విచ్చుకుంది. ఇంక పొర లేదని ఆమే చెప్పిన పలక. రెండు రేకులు, కాగితం కంటే కొంచెం మందం. లోపలి ముఖాలు తడిగా నల్లగా మెరిశాయి. వాటి మీద ఏమీ లేదు. ఏమైనా ఉంటుందేమోనని మేమంతా వంగి చూశాం. ఏమీ లేదు.

ఆమె ఒక రేకు కొంగులో చుట్టుకుంది. రెండోది నా ఒడిలో పెట్టింది. ఇచ్చేటప్పుడు నా ముఖంలోకి చూసింది, నవ్వకుండా. ఆ చూపు నాకు తెలుసు. రొట్టె తుంచి ఇచ్చిన చూపు.

మర్నాడు పొద్దున జట్కా బండి వచ్చింది. వాళ్లకి ఉన్నది రెండు గోనెలు, ఒక ట్రంకు పెట్టె. ఆమె ముందే ఎక్కి కూర్చుంది. ఆయన మా అవ్వ కాళ్లకు దండం పెట్టాడు. బండి స్టేషను దారి పట్టేదాకా నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆ మధ్యాహ్నం సారు గుండ్రాన్ని దగ్గరికి జరపమన్నారు. వేరే పలక తెప్పించారు, చట్రం ఉన్నది. కొట్టి చూడమని ఎవరికీ చెప్పలేదు. వాచకాలు ఆ తర్వాతి వారం వచ్చాయి.

నేను పెద్దయి లెక్కల టీచరునయ్యాను. వాళ్లు వెళ్లిపోయిన నలభై ఏళ్లకి పరీక్షల డ్యూటీ గిద్దలూరులో పడింది. అడుగుతూ పోతే వాళ్లిల్లు దొరికింది. ఆయన ఒక్కడే ఉన్నాడు, చెవులు బాగానే వినపడుతున్నాయి. నేను ఫలానా అని చెప్పగానే, "పెద్దమ్మ మనవరాలివా," అని మంచం మీద చోటు చూపించాడు. ఆమె పోయి రెండేళ్లయిందట. దగ్గు తగ్గి చాలా ఏళ్లు బతికిందట. గూట్లో దీపం పక్కన పలక రేకు ఉంది.

"రోజూ మధ్యాన్నం అది చేతిలోకి తీసుకుని ఒక్కసారి కొట్టేది," అన్నాడు.

"ఎన్ని గంటలకి?"

"మూడు, మూడుంబావు. ఇంట్లో గడియారం ఉండేది కాదు. అయినా తప్పేది కాదు."

"మోగేదా?"

ఆయన గూటి వైపు చూశాడు. "మోగేది. అంత పల్చని రేకు అట్ల మోగగూడదమ్మా. పలకలు కోసినోన్ని, నాకు తెలుసు. కొట్టి, తలకాయ ఎడమ పక్కకు తిప్పి కొంచేపు చూసేది. ఎవురో అందిచ్చినట్టు. ఏం చూస్తావే అంటే చెప్పేది కాదు."

ఎడమవైపు చూడాలని నియమం. ఎవరిచ్చారో ఆ మనిషి ముఖంలోకి. ఆమెకి ఇంగ్లీషు రాదు. కిటికీలోంచి చూసి నేర్చుకుంది. ఏడో చోటికి ఎడమవైపు ఉండేది ఆరో చోటు. ముప్పై ఎనిమిదేళ్లు ఆమె కూతురి వంతు తను తీసుకుని, రోజూ నన్ను చూసింది. నేను ఆ సంగతి తెలియకుండా పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను, వేలమంది పిల్లలకి ఎక్కాలు చెప్పాను.

ఆ రేకును ఆయన నాకిస్తానన్నాడు. వద్దన్నాను. ఆయన పోయాక అది ఏమైందో విచారించాను, ఎవరికీ తెలియలేదు.

నా రేకు నా దగ్గర ఉంది. మొన్న గురువారం ఉలవల గిన్నె దించి, పెట్టెలోంచి తీసి కొట్టి చూశాను. ఎప్పటిలాగే బద్దగా పలికింది. ఎదురు మేడ మీద పిల్లలు పలుకుతూనే ఉన్నారు. నేను కుడివైపు చూశాను.

ఇంక పోయినవాటి లెక్క.

బడి గది, ఒకటి. కూల్చేసి దుకాణాలు కట్టారు. పలకల షెడ్డు, ఒకటి. సారు, ఒకరు. మా అవ్వ, ఒకరు. ఆ తల్లీ తండ్రీ, ఇద్దరు. పదకొండు మంది పిల్లల్లో ఎనిమిది మంది, ఎనిమిదో అమ్మాయితో సహా. మిగిలింది ముగ్గురం. పలకలో సగం. సగం రొట్టె, జూలై నుంచి దసరా దాకా ఎన్నిసార్లో మాత్రం నేను రాసిపెట్టుకోలేదు, నా జీవితంలో రాసిపెట్టుకోని లెక్క అదొక్కటే.

ఆ పిల్ల పోయాక ఏడో చోట చప్పుళ్లు నలభై. నేను కొట్టినవి ముప్పై తొమ్మిది, గీతలు ఉన్నాయి. నలభయ్యోది పోయినవాటిలో రాయాలో, ఉన్నవాటిలో రాయాలో తేల్చుకోలేక, పక్కన ఖాళీ వదిలాను.